నిమ్మరసం ఇచ్చే పెద్దమనిషి కావలెను

నవ్వకండి, ముందే చెప్తున్నాను. మొన్న బజార్లో నా అవస్థ చూసినవాళ్లు ఎలాగూ నవ్వారు. చూడనివాళ్లకి మా బావమరిది వాసు వీడియో పంపించి మరీ నవ్వించాడు. మీరైనా పూర్తిగా విని, ఆ తర్వాత నవ్వండి. నిరాహార దీక్షకి కూర్చోవడం చాలా తేలికండీ. ఎవడైనా కూర్చోగలడు. దాంట్లోంచి లేవడం ఉంది చూశారూ, అది పగవాడిక్కూడా వద్దు!

మాది విజయనగరం నుంచి ఎస్.కోట వెళ్లే దారిలో చిన్న టౌను. బజారు మధ్యలో నాకు స్టీలు సామాన్ల కొట్టుంది. మా తాత ఇత్తడి అమ్మాడు, నాన్న స్టీలు అమ్మాడు, నేను స్టీలుతో పాటు ప్లాస్టిక్ బకెట్లు కూడా అమ్ముతున్నాను. అంటే వంశం క్రమంగా తేలికైపోతోందన్నమాట. మా కొట్ల ముందు మురిక్కాలువ ఒకటుండాలి. ఉండాలి అంటున్నాను, ఉందనట్లేదు. కాంక్రీటు కాలువ కట్టేసినట్టు బిల్లు పాసయిందని ఊరందరికీ తెలుసు. కట్టిన కాంట్రాక్టరు సింహాచలం తెల్లటి కారు కొన్నాడనీ తెలుసు. కాలువ మాత్రం ఎవరికీ కనబడలేదు.

పోయిన వానాకాలం ఆ మురికినీళ్లు తిన్నగా నా కొట్లోకే వచ్చాయి. పెళ్లిళ్ల సీజన్ కోసమని తెచ్చిన కొత్త బిందెలు అటకెక్కించే లోపే వీధిలోకి ఈదుకుంటూ పోయాయి. వాటిని పట్టుకొచ్చి నేనూ మా ఆవిడ రమణా కూర్చుని సబ్బు పెట్టి తోమాం. అమ్మకముందే సామాన్లు తోముకున్న వ్యాపారిని ఎక్కడైనా చూశారా? తోమినా ఆ వాసన పోలేదు. కొనడానికొచ్చిన వాళ్లు బిందెలో తల పెట్టి వాసన చూసి, "మళ్లొస్తాం సెట్టిగారూ" అని వెళ్లిపోయారు. ఇప్పుడు మళ్లీ మబ్బులు పడుతున్నాయి. ఈసారి కూడా నీళ్లొస్తే కొట్టు మూసుకోవడమే. నా బెంగంతా అదీ.

మా ఊళ్లో అవినీతి మీద పోరాటం అంటే నిప్పు మాస్టారే. అసలు పేరు వేరే ఉంది. ప్రతి మీటింగులోనూ "నేను నిప్పు!" అంటాడు కాబట్టి అదే ఖాయమైపోయింది. ట్యూషన్లు చెప్పుకునే మనిషి. పొందూరు ఖద్దరు పంచె, లాల్చీ, చేతిలో గుడ్డసంచి. ఎవరింటికెళ్లినా మంచినీళ్లు కూడా ముట్టడు. "ఇవాళ మంచినీళ్లు, రేపు మజ్జిగ, ఎల్లుండి ఏమిటో మీరే ఊహించుకోండి" అంటాడు. ఇలాంటి మనిషిని నమ్మకుండా ఎలా ఉంటామండీ?

అసలు నమ్మడం నాకు పాత జబ్బు. అప్పుడెప్పుడో ఢిల్లీలో జరిగే దీక్షలు టీవీలో చూసి, నేను కూడా తెల్లటోపీ పెట్టుకుని శ్రీకాకుళం దాకా వెళ్లి కొవ్వొత్తుల ర్యాలీలో నడిచాను. మైనం పడి చెయ్యి బొబ్బెక్కింది. అప్పుడే మా ఆవిడ అంది, "ఇంట్లో కరెంటు పోతే కొవ్వొత్తి ఎక్కడుందో తెల్దు గానీ, వీధిలైట్ల కింద మాత్రం ఎలిగించీసి వచ్చారు" అని. ఆ టోపీలు పెట్టుకున్న పెద్దలు తర్వాత ఎవరెవరు ఏ కుర్చీ ఎక్కారో, ఎవరు ఎవర్ని దొంగన్నారో మీకూ తెలిసిందే. అయినా నాకు బుద్ధి రాలేదు. వాళ్లు ఢిల్లీ వాళ్లు, మాస్టారు మనూరి వాడు కదా అనుకున్నాను.

మాస్టారు రిలే దీక్షలన్నాడు. రోజుకో కొట్టు నుంచి ఒక్కరు. "పొద్దున్న కూర్చోవడం, సాయంత్రం లేవడం. ఏకాదశి ఉపవాసం అనుకోండి సెట్టిగారూ" అన్నాడు. టెంటు నా కొట్టు ముందే వేస్తున్నారు కాబట్టి మొదటి రోజు నేనే. సరే అన్నాను. ఆ పొద్దున్న మా ఆవిడ వేడివేడి ఇడ్లీ, అల్లం చట్నీ ముందు పెట్టింది. "తినీసి కూకోండి, ఎవలు సూస్తారు?" అంది. నేను కంచం పక్కకి జరిపేశాను. తిని దీక్షకి కూర్చోవడం కూడా అవినీతేనన్నాను. ఆ మాట అన్నప్పుడు నా మీద నాకే ఎంత గౌరవం కలిగిందో! ఆ ఇడ్లీలు సాయంత్రం దాకా నా కళ్లముందు తిరుగుతాయని అప్పుడు తెలియదు.

టెంట్ హౌస్ అప్పలసూరి షామియానా కట్టాడు. కింద జంఖానా పరిచి, ఆనుకోడానికి బాలీసు వేశాడు. మెళ్లో బంతిపూల దండ పడింది. పేపరు వాళ్లు వచ్చారు. వాసు ఫోన్ పట్టుకుని రెడీగా ఉన్నాడు. మాస్టారు మైకందుకున్నాడు. చెప్తే నమ్మరు, ఆయన మాట్లాడుతుంటే నాకే ఒళ్లు గగుర్పొడిచింది. కాలువ గురించి మొదలెట్టి, దేశం గురించి చెప్పి, చివరికి నా వైపు చెయ్యి చాపి ఒక్క అరుపు అరిచాడు.

"మా సెట్టిగారు ఈ క్షణం నుంచి ఆమరణ నిరాహార దీక్షకి కూర్చుంటున్నారు! కాలువైనా రావాలి, సెట్టిగారి ప్రాణమైనా పోవాలి!"

చప్పట్లు! ఈలలు! ఏ సెట్టి గురించి అంటున్నాడా అని నేను చుట్టూ చూశాను. టెంటులో ఉన్న సెట్టిని నేనొక్కణ్నే. గబగబా ఆయన లాల్చీ పట్టుకు లాగాను.

"మాస్టారూ, రిలే కదా? రిలే అన్నారు కదా?"

ఆయన మైకు మీద చెయ్యి అడ్డుపెట్టి, "ఊపులో వచ్చేసింది సెట్టిగారూ. రిలే అంటే పేపర్లో మూల వేస్తారు. ఆమరణం అంటేనే పైవాళ్లు కదుల్తారు. నేనిప్పుడే విజయనగరం వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడేసి, మధ్యాహ్నానికల్లా వచ్చి నా చేత్తో మీకు నిమ్మరసం ఇస్తాను. నన్ను నమ్మండి" అన్నాడు.

ఆ క్షణంలో నేను లేచి, "అయ్యా, నాది సాయంత్రం దాకే" అని చెప్పేసి ఉంటే అయిపోయేది. కానీ జనం ఇంకా చప్పట్లు కొడుతున్నారు. చిన్న పళ్లేనికి కూడా బేరమాడే మనుషులు నాకు దండాలు పెడుతున్నారు. నేనేం చేశానో తెలుసా? పిడికిలి పైకెత్తాను! ఆ పిడికిలి ఫోటోయే వాసు స్టేటస్ పెట్టాడు. మాస్టారు గుడ్డసంచి భుజానేసుకుని బస్సెక్కేశాడు.

ఆ స్టేటస్ చూసి మా ఆవిడ పరుగున వచ్చింది.

"ఏటండీ ఇది? ఆమరణమా? ఇంట్లో ఒక్క మాట సెప్పక్కర్లేదేటి?"

"ఊపులో వచ్చేసిందే."

"ఎవల ఊపు? ఆయన ఊపు. పేనం ఎవలిది? మీది. ఆయన మద్దేనం భోజనం ఎక్కడ సేస్తాడో కనుక్కున్నారా?"

నేను గంభీరంగా కళ్లు మూసుకున్నాను. దీక్షలో ఉన్నవాడికి ఒక సుఖం ఉంది, పెళ్లాం తిడుతుంటే కళ్లు మూసుకోవచ్చు.

మీకో సంగతి చెప్పాలి. దీక్షలో కూర్చున్నవాడు తనంతట తాను లేస్తే ఆకలికి తట్టుకోలేక లేచినట్టు లెక్క. ఎవరో పెద్దమనిషి వచ్చి, నాలుగు మంచిమాటలు చెప్పి, చేతిలో నిమ్మరసం గ్లాసు పెడితే మాత్రం పెద్దల మాట మన్నించి విరమించినట్టు. ఆకలి అదే, మనిషీ అదే. మధ్యలో ఆ గ్లాసే తేడా. మన దగ్గర ఎంత పెద్ద దీక్షైనా ఇదే పద్ధతి. అందుకని నేను మాస్టారి గ్లాసు కోసం రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. విజయనగరం నుంచి ఒక్కొక్క బస్సూ వస్తోంది, మాస్టారు మాత్రం దిగట్లేదు. ఎదురు హోటల్ వాడు గారెలు మొదలెట్టాడు. ఆ వాసన తిన్నగా మా టెంటులోకే వస్తోంది. పొద్దున్న చప్పట్లు కొట్టినవాళ్లందరూ భోజనాలకి వెళ్లిపోయారు. వాళ్లలో ఒకాయన గారె కొరుకుతూ నావైపు చూసి, ఆ గారెతోనే నమస్కారం పెట్టాడు.

ఇంతలో వాసు వచ్చాడు. వాడి మొహం అదోలా ఉంది.

"బావా, మాస్టారు ఫోన్లో కనిపిస్తన్నాడు. సూస్తావా, వద్దా?"

చూశాను. విజయనగరంలో పెద్ద స్టేజీ. మా నిప్పు మాస్టారి మెళ్లో పార్టీ కండువా! ఏ పార్టీ అని అడక్కండి, ఏ కండువా అయినా మెడకి చుట్టుకునే తీరు ఒక్కటే. కండువా మీద గజమాల వేస్తున్నదెవరు? సింహాచలం! మా కాలువ మింగిన సింహాచలం! ఇద్దరూ ఒకరినొకరు వాటేసుకున్నారు. తర్వాత ఎవరో మాస్టారి చేతికి బాదంపాలు ఇచ్చారు. ఎవరింట్లోనూ మంచినీళ్లు ముట్టని మనిషి గడగడా తాగేశాడు. ఆ వీడియో తీసినవాడెవడో గానీ, గుటక పడుతున్నప్పుడు గొంతు కదలడం కూడా దగ్గరగా చూపించాడు.

నిజం చెప్తున్నాను, నాకు ఏడుపొచ్చింది. ఆకలి కూడా కాసేపు పోయింది. ఢిల్లీ వాళ్లు మోసం చేస్తే కోపం వచ్చింది గానీ ఇంత బాధ కలగలేదు. ఈయన మా వీధిలో నడిచే మనిషండీ. నా కొట్లో స్టీలు టిఫిన్ డబ్బా కొంటే, ఊరికే ఇస్తానన్నా వినకుండా డబ్బులిచ్చి వెళ్లిన మనిషి. ఫోన్ చేశాను. స్విచాఫ్.

"బావా, ఇంక లేచీ, ఎలిపోదాం" అన్నాడు వాసు.

"ఎలా లేస్తానురా? ఆమరణం అన్నాక ఊరికే లేచిపోతే రేపు కొట్లో కూర్చోగలనా? ప్రతివాడూ పళ్లెం బేరమాడుతూ, ఏం సెట్టిగారూ, ఇంకా బతికే ఉన్నారా అంటాడు. ఎవరైనా పెద్దమనిషిని పట్టుకురా, నిమ్మరసం ఇస్తే లేస్తాను."

"నేనిస్తాను, తాగండి" అంది మా ఆవిడ.

"పెళ్లాం ఇస్తే దీక్ష విరమించినట్టు కాదే, భోజనానికి లేచినట్టు!"

వాసు బండి మీద ఊరంతా తిరిగాడు. రిటైరైన హెడ్మాస్టరు గారు "నన్ను రాజకీయాల్లోకి లాగొద్దు బాబూ" అని తలుపేసుకున్నారట. గుళ్లో పంతులుగారు మాత్రం పాపం వచ్చారు. వచ్చి, అంతా విని, గడ్డం నిమురుకుని, "ఆమరణం అని పదిమందిలో సంకల్పం చెప్పుకున్నాక మధ్యలో లేస్తే దోషమేమో మరి" అని నా నుదుట విభూతి పెట్టి వెళ్లిపోయారు. ఆ విభూతితో, ఆ దండతో నేను సగం పోయినవాడిలాగే ఉన్నానని మా ఆవిడ గొల్లుమంది.

ఇంకొక్క దారి ఉంది. దీక్షలో ఉన్నవాణ్ని పోలీసులు ఎత్తుకుపోయి ఆస్పత్రిలో పడేస్తే, అది ఇంకా గౌరవం. మూల మీద కానిస్టేబుల్ కనబడ్డాడు. పిలిచాను.

"బాబూ, నన్ను కాస్త అరెస్టు చెయ్యవా?"

"జీపు నేదు సెట్టిగారూ. ఇజీనారం మీటింగు బందోబస్తుకి ఎలిపోనాది."

"ఏ మీటింగు?"

"మీ మాస్టారు పార్టీలో జేరతన్నారు కదా, అదే."

"పోనీ నడిపించి తీసుకెళ్లు. నేను ఏమీ గొడవ చెయ్యను."

"నడిపించి తీసికెల్తే అరెస్టులాగ ఉండదండి. ఇద్దరం కలిసి సంతకెల్తన్నట్టుంటాది" అని ఆయన వెళ్లిపోయాడు.

ఇది చాలదన్నట్టు అప్పలసూరి ఆటో వేసుకుని దిగాడు.

"సెట్టిబాబూ, ఏటీ అనుకోకండి. పక్కూర్లో పెళ్లున్నాది. షామియానా ఒప్పుకున్నాను. మాస్టారు మద్దేనానికి ఒగ్గెస్తామన్నారు."

"అప్పలసూరీ, నేను ఆమరణ దీక్షలో ఉన్నానయ్యా!"

"అందుకే అడుగుతన్నాను బాబూ. ఆమరణం అంటే ఎప్పుడికి అవుద్దో తెల్దు కదా. పెళ్లికి ముహూర్తమున్నాది."

పైనుంచి గుడ్డ విప్పేశాడు. ఎండ నెత్తి మీద పడింది. గుంజలు పీకాడు. "కాసింత ఈపు ఎత్తండి బాబూ" అని బాలీసు లాగేశాడు. "కాసింత జరగండి" అని జంఖానా చుట్టుకుంటూ వచ్చాడు. నేను అంచు మీదికి జరిగి, అక్కణ్నుంచి తారు రోడ్డు మీదికి దిగాను. చివరికి బంతిపూల దండతో, విభూతితో, రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని మిగిలాను. లేవకూడదు కదా! వాసు ఇదంతా వీడియో తీస్తున్నాడు. "ఒరే, ఆపరా" అన్నాను. "ఉద్యమం కదా బావా, రికార్డుండాల" అన్నాడు.

అప్పుడే ఎస్.కోట నుంచి వచ్చే బస్సు నా ముందు ఆగింది. కండక్టర్ తల బయటపెట్టి, "ఇజీనారం, ఇజీనారం! ఏటి మావా, దండేసుకుని కూకున్నావు, పెళ్లికేనా? బేగి ఎక్కు!" అన్నాడు. ఎక్కేద్దామని నిజంగానే అనిపించింది నాకు. ఎక్కడైనా దిగి, ఎవరికీ తెలియని ఊళ్లో నాలుగిడ్లీలు తినెయ్యొచ్చు.

బస్సు కదిలాక విజయనగరం వైపు నుంచి తెల్లకారు వచ్చి ఆగింది. సింహాచలం దిగాడు. వెనక సీట్లో మాస్టారు, మెళ్లో కండువా. నన్ను చూడగానే అద్దం పైకెత్తబోయి, మళ్లీ మర్యాదకి సగం దించాడు.

"సెట్టిగారూ, మీరు అపార్థం చేసుకోకూడదు. బయట నిలబడి ఎంత అరిచినా లాభం లేదు. లోపలికి దిగే శుభ్రం చెయ్యాలి."

"అదే కదా మాస్టారూ, కాలువ గురించి మనం పొద్దున్న అడిగిందీ" అన్నాను. ఆయనకి వినబడిందో లేదో, అద్దం పూర్తిగా పైకి వెళ్లిపోయింది.

సింహాచలం మాత్రం నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఓర్నాయనో, సెట్టీ! పొద్దున్నుంచీ ఏటీ తిన్నేదా? మొకం సూడు, ఎలగైపోయిందో. ఒరే, సోడాకొట్టు నుంచి నిమ్మరసం అట్రండ్రా, బేగి!"

ఊళ్లో పెద్దమనుషులు ఒక్కరైనా అడగని మాట ఆ దొంగవాడు అడిగాడు. నాకు మళ్లీ ఏడుపొచ్చింది. గ్లాసు వచ్చింది. పైన నురగ, అంచుకి నిమ్మబద్ద. పొద్దున వచ్చిన పేపరాయన ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడో, కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. సింహాచలం గ్లాసు నా నోటి దాకా తెచ్చి, పైకి నవ్వుతూనే, నా చెవిలో మెల్లగా అన్నాడు.

"తాగీ సెట్టీ. తాగీసి ఇంటికెలిపో. కాలవ మాట మాత్రం ఇంకెత్తకు. ఏటంటావు?"

ఇదీ సంగతి! తాగితే నా కొట్టులోకి మళ్లీ మురికినీళ్లే. తాగకపోతే టెంటు లేదు, నాయకుడు లేడు, జీపు లేదు, ఈ రోడ్డు మీద నేనూ నా దండా. "వద్దు, ముందు కాలువ కట్టు!" అని గ్లాసు విసిరి కొట్టాలి. ఉద్యమకారుడైతే అలాగే చేస్తాడు. నేను కూడా అలాగే చేద్దామని చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి తిన్నగా వెళ్లి గ్లాసు పట్టుకుంది. రెండో చెయ్యి కూడా సాయం వెళ్లింది.

మర్నాడు పేపర్లో ఫోటో. "కాంట్రాక్టర్ చొరవతో ఆమరణ దీక్ష విరమణ" అని పైన. కింద సింహాచలం చిరునవ్వు. పక్కన నేను, గ్లాసు రెండు చేతులా పట్టుకుని, తన్మయత్వంతో కళ్లు మూసుకుని. మా ఆవిడ ఆ పేపరు తెచ్చి నా ఇడ్లీ పళ్లెం పక్కన పెట్టింది.

"మాస్టారు లంచం తిన్నాడో నేదో నాకు తెల్దు. ఎవలూ సూడనేదు" అంది. "మీరు తాగింది మాత్రం జిల్లా అంతా సూసింది."

నేను తలొంచుకుని ఇడ్లీ తుంచాను. ఇంకేం చెయ్యను? ఆ ఫోటోలో ఉన్నది రెండో గ్లాసనీ, అది సింహాచలం ఇస్తానన్లేదు, నేనే అడిగి పుచ్చుకున్నాననీ ఆవిడకింకా తెలియదు.